మార్కండేయ ఘట్టము – కూనపులివారి పటము

పురాణములోని ఒక ఘట్టమును గీతలలోను రంగులలోను నిలుపుట అన్ని దేశముల చిత్రకారులకును అలవాటైన పనియే. కాని అట్టి చిత్రమును చూచువాడు కథను ఎక్కడనుండి తెచ్చుకొనుచున్నాడు అను ప్రశ్నకు అన్నిచోట్ల ఒకే సమాధానము రాదు. కొన్ని చిత్రముల వెనుక ఒక గ్రంథము నిలిచియుండును. మరికొన్ని చిత్రముల వెనుక ఒక కథకుడు నిలిచియుండును. గ్రంథమును నమ్ముకొన్న చిత్రము ఒంటరిగా దేశాంతరము పోయినను దాని అర్థము చెడదు. కథకుని నమ్ముకొన్న చిత్రము అతనినుండి వేరుపడిన నాడే సగము మూగది యగును. ఈ భేదమును ఒక్క ఘట్టమును ఆధారముగా గొని వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

మేము ఎన్నుకొన్న ఘట్టము మార్కండేయుడు శివలింగమును కౌగిలించుకొనగా యముడు పాశము విసరుట. ఎన్నుకొన్న చిత్రము ఉత్తర తెలంగాణమున పద్మశాలీలకు కూనపులివారు చూపి కథ చెప్పు నకాశీ పటము. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు అని మేమిందు వ్రాయునప్పుడు 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనకు పూర్వపు జిల్లాలను ఉద్దేశించుచున్నాము. నేటి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల, మంచిర్యాల మున్నగు జిల్లాలు వానినుండియే ఏర్పడినవి.

ఐరోపా ముద్రాచిత్రము

పోలికకై మొదట ఒక ఐరోపా చిత్రమును చూతము. 17వ శతాబ్ది ఐరోపాలో బరోక్ అను కళారీతి ప్రబలియున్న కాలమున పురాణగాథలను రాగిరేకులపై లిఖించి అచ్చువేయుట గొప్ప వృత్తిగా నుండెను. ఈ పనికి ఎచింగు అని పేరు. నునుపు చేసిన రాగిరేకుపై మైనము, గుగ్గిలము వంటి ద్రవ్యములు కలిపిన పలుచని పూత పూయుదురు. చిత్రకారుడు సూదితో ఆ పూతమీద గీయగా, గీచినచోట పూత లేచిపోయి రాగి బయటపడును. రేకును ఆమ్లములో ముంచినప్పుడు బయటపడిన రాగిని మాత్రమే ఆమ్లము తినివేయును. పిదప పూతను తొలగించి, సిరాను గాట్లలో నింపి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితమును పరచి మరలో నొక్కుదురు. గాటులోని సిరా కాగితమున కెక్కును. రేకుమీద కుడివైపున నున్నది కాగితముపై ఎడమవైపునకు వచ్చును. ఒక రేకునుండి వందలకొలది ప్రతులు తీయవచ్చును.

ఇటలీ దేశీయుడగు ఆంటోనియో టెంపెస్టా (1555–1630) లాటిన్ కవి ఓవిడ్ రచించిన 'మెటమార్ఫోసెస్' అను కావ్యములోని గాథలను 150 ఎచింగులుగా రచించెను. ఆంట్వర్ప్ నగరమున 1606లో అవి వెలువడినవి. మాన్యరీతినుండి బరోక్ రీతికి కళ మరలుచున్న కాలమునకు చెందిన కృతులివి. ఒక్కొక్క చిత్రము అరచేయి కంటె కొంచెమే పెద్దది. క్రింద చిన్న లాటిన్ శీర్షికయు, వరుససంఖ్యయు నుండును.

ఆ వరుసలో ప్లూటో ప్రోసెర్పినాను అపహరించు ఘట్టము కలదు. ప్లూటో మృతులలోకమున కధిపతి. మన యమునికి కొంతవరకు సాటి. ఓవిడ్ అయిదవ సర్గమున చెప్పిన ప్రకారము, సిసిలీ ద్వీపమున ఒక సరస్సు చెంత పూలు కోయుచున్న ప్రోసెర్పినాను ప్లూటో పట్టుకొని తన రథముపై పాతాళమునకు కొనిపోవును. తల్లి సెరీస్ లోకమంతయు వెదకును. పాతాళమున కూతురు ఏడు దానిమ్మగింజలు తిన్నందున పూర్తిగా మరలి రాజాలదు. సంవత్సరములో సగము తల్లికడ, సగము భర్తకడ ఉండవలెనని జూపిటర్ తీర్పు చెప్పును. ముద్రాచిత్రమున నున్నది అపహరణక్షణము మాత్రమే. తల్లి అన్వేషణమును, దానిమ్మగింజలను, తుదితీర్పును చూచువాడు తానే తెచ్చుకొనవలెను. అది అతనికి కష్టము కాదు. ఏలయన లాటిన్ చదివిన ప్రతి విద్యార్థియు ఓవిడ్‌ను చదివియుండెను, చదువనివానికి అచ్చుపుస్తకము అంగడిలో దొరకుచుండెను. కావున 150 రేకులలోని ఒక్క కాగితము విడిపోయి ఎవరి గోడకు చేరినను దాని కథ చెడలేదు. నేడు అట్టి విడికాగితములు పెక్కు దేశముల చిత్రశాలలలో కలవు. ఏది ఏ గాథయో చెప్పుటకు పండితులు తడుముకొనుట లేదు.

పటము – దాని నిర్మాణము

ఇక మన పటమును చూతము. దీనిని చిత్రించువారు నకాశీలు. 'నకాశీ' అను మాట అరబీ మూలమున పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. చిత్రించుట, చెక్కుట అను రెండర్థములును దానికి కలవు. ఆ వృత్తివారు రెండు పనులును చేయుదురు గనుక పేరు తగియున్నది. పటచిత్రకారులకు నేడు ప్రసిద్ధస్థానము చేర్యాల. అది ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. అయినను పటముల నుపయోగించు కథకుల సంచారభూమి చేర్యాలతో ఆగక కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలవరకు వ్యాపించినది. ఆదిలాబాదులోని నిర్మలయందును నకాశీల వృత్తి వేరొక రీతిగా వికసించినది. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

పటమునకు ఆధారము చేనేత బట్ట. దానికి బియ్యపు గంజి, తెల్లసుద్ద, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, చెట్టు జిగురు కలిపిన పూతను ఒకటి ఆరిన తరువాత ఒకటిగా పలుమారులు పూయుదురు. పూత గట్టిపడి బట్ట నునుపుదేరిన పిదప ఉడుతవెండ్రుకల కుంచెతో రూపరేఖలు గీయుదురు. వెనుకభాగమును ఎఱ్ఱరంగుతో నింపుట ఈ పటములకు ముఖ్యలక్షణము. సంప్రదాయరీతిని ఎరుపు ఇంగిలీకమునుండియు, పసుపు హరిదళమునుండియు, నీలము నీలిమందునుండియు, నలుపు దీపపుమసినుండియు తీయుదురు. దేవతలకు నీలవర్ణము, దేవీమూర్తులకు పసుపువర్ణము, రాక్షసులకు ముదురురంగు వాడుట సామాన్యనియమము. దూరమునుండి, దీపపువెలుగులో చూచు పల్లెజనులకు పాత్ర యెవరో రంగునుబట్టియే తెలియవలెను గదా.

పటము వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు కథనుబట్టి 30 అడుగులు మొదలుకొని 60 అడుగులవరకు నుండును. అడ్డముగా పూలతీగల పట్టీలు గీచి పటమును గళ్లుగా విభజింతురు. మొదట వినాయకుని, సరస్వతిని ప్రార్థించు చిత్రములుండును; పిదప కథ వరుసగా సాగును. కథకుడు పటమును వ్రేలాడదీసి, చెప్పినంతమేర విప్పుచు, చెప్పుచున్న భాగమును కఱ్ఱతో చూపుచు, వంతవారు అందుకొనగా పాటయు వచనమును కలిపి కథ నడుపును. ఒక కథకు పెక్కు రాత్రులు పట్టును.

కథకుడు – దాత

ఈ కథకులను పండితులు ఆశ్రితకులములవారని వ్యవహరించుచున్నారు. ఒక్కొక్క వృత్తికులమునకు దాని పుట్టుకను, మూలపురుషుని మహిమను చెప్పు ఆశ్రితకులము ఒకటి కలదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు అట్టివారు. డక్కలివారు చెప్పు జాంబపురాణము, కాకిపడగలవారు చెప్పు పాండవుల కథ మున్నగునవి వారి వారి పటములతో నడచును. ఏ కుటుంబము ఏ గ్రామములలో కథ చెప్పవలెనో మిరాసీ హక్కు నిర్ణయించును. దాతకులమువారు వచ్చిన కథకునకు బస, భోజనము, సంభావన ఇచ్చుట ధర్మముగా భావింతురు.

ఇచ్చట గమనింపవలసిన విషయము ఒకటి కలదు. పటమును చేయించువాడు కథకుడు, చిత్రించువాడు నకాశీ, వినువాడు పద్మశాలీ. కథాక్రమము కథకునకు తెలియును. రూపకల్పన నకాశీకి తెలియును. ఆ కథ తన వంశకథ యగుటకు సాక్షి పద్మశాలీ. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరును ఆ పురాణమును పూర్తిగా తన యొద్దనే దాచుకొన్నవారు కారు. ముగ్గురును కూడిన రాత్రియే అది పురాణమగుచున్నది. టెంపెస్టా ముద్రాచిత్రమునకు చిత్రకారుడు, ముద్రాపకుడు, కొనువాడు కలరు. కాని ఓవిడ్ వారందరికిని వెలుపల, పుస్తకమున, స్థిరముగా నున్నాడు. పటమునకు వెలుపల అట్టి ఓవిడ్ లేడు.

మార్కండేయ ఘట్టము

మృకండు మహర్షికిని మరుద్వతికిని సంతానము లేకుండగా శివుని గూర్చి తపస్సు చేసిరి. దీర్ఘాయువు గల మూఢుడు కావలెనా, పదునారేండ్ల ఆయువు గల గుణవంతుడు కావలెనా అని శివుడడుగగా వారు గుణవంతునే కోరుకొనిరి. గడువు దీరిననాడు బాలుడు లింగమును కౌగిలించుకొని యుండెను. యముడు విసరిన పాశము బాలునితోపాటు లింగమునకును చుట్టుకొనెను. శివుడు లింగమునుండి వెలువడి యముని దండించి బాలుని చిరంజీవిని చేసెను. ఈ కథ ఎఱుగని తెలుగువాడు అరుదు.

ఈ కథను గూర్చి పరిశోధకులు రెండు పొరపాట్లకు లోనగుట కలదు. మొదటిది పేరుచే వచ్చునది. పద్మశాలీల కథకును 'మార్కండేయ పురాణము' అను పేరు వాడుకలో నున్నది. తిక్కన శిష్యుడగు మారన తెనిగించి, కాకతి ప్రతాపరుద్రుని సేనాని నాగయగన్నకు అంకితమిచ్చిన మార్కండేయ పురాణము వేరు. అందు మార్కండేయుడు ప్రధానముగా వక్త. హరిశ్చంద్రుని కథయు, మనువుల కథలును ఆయన చెప్పగా మనము వినుచున్నాము. పెద్దన మనుచరిత్రకు మూలమైన ప్రవరుని కథ అందులోనిదే. పద్మశాలీల కథయందు మార్కండేయుడు వక్త కాడు, కథానాయకుడు. అంతకంటె ముఖ్యముగా వంశమూలపురుషుడు. గ్రంథసూచికలలో ఈ రెండింటిని ఒకే పేరుక్రింద చేర్చుట వలన మౌఖికపురాణము కావ్యపు నీడలో పడి కనబడకుండ పోవుచున్నది.

రెండవ పొరపాటు, ఈ ఘట్టము శైవగాథయని మాత్రమే తలచుట. సంస్కృతమున నున్న నరసింహపురాణమునందు ఇదే కథ వైష్ణవపరముగా కలదు. అచ్చట మార్కండేయుడు విష్ణువును స్తుతించి మృత్యువును జయించును. ఎఱ్ఱన నృసింహపురాణము దీనికి అనువాదము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. పద్మశాలీలలో శైవులును వైష్ణవులును కలరు. వారి కథలో మార్కండేయుడు శివభక్తుడు. అతనినుండి కలిగిన భావనర్షి విష్ణునాభికమలపు తూడులనుండి నూలు తీసినవాడు. రెండు మతములును ఒకే పటముమీద పొత్తు కుదుర్చుకొన్నవి.

ఇప్పుడు ఘట్టమును పటములోని దాని స్థానమునందు చూతము. ముద్రాచిత్రమువలె దీనిని విడదీసి చూచినచో మనకు కనబడునవి మూడు రూపములు: పాశహస్తుడై మహిషమునెక్కిన యముడు, లింగమును పట్టుకొన్న బాలుడు, త్రిశూలముతో వెలువడు శివుడు. భక్తరక్షణము అను ఒక్క భావము తోచును. కథ ముగిసినట్లును తోచును. అయితే పద్మశాలీ శ్రోతకు కథ ముగియలేదు, ఇప్పుడే మొదలగుచున్నది. బ్రతికిన ఆ బాలుడు పెద్దవాడై యజ్ఞము చేయును. ఆ యజ్ఞమునుండి భావనర్షి పుట్టును. దేవతలకును మనుష్యులకును కట్టుకొనుటకు బట్ట లేనికాలమున అతడు తామరతూడు నూలుతో వస్త్రము నేయును. సూర్యపుత్రికయగు భద్రావతిని పెండ్లాడును. పులిని వాహనముగా గొనును. రాక్షసవధ చేయును. అతని సంతతినుండి 101 గోత్రములు ఏర్పడెనని ఆ కులమువారి విశ్వాసము.

కావున ఆ పటమున యముని పాశము కేవలము ఒక బాలుని ప్రాణమునకు సంబంధించినది కాదు. ఆ పాశము బిగిసియున్నచో భావనర్షి లేడు, మగ్గము లేదు, లోకమునకు వస్త్రము లేదు. వినుచున్న నేతగాని కులమును లేదు. భయానకరసమును చిత్రకారుడు యముని కన్నులలో చూపవచ్చును. కాని ఆ భయము యొక్క పరిమాణము తరువాతి గళ్లను చూచినవానికే, వానికంటె కథకుని మాట విన్నవానికే తెలియును. ఒక్క గడిని చూచినవాడు పురాణమును చూచెను. వరుసను విన్నవాడు తన పుట్టుకను వినెను.

గోదావరీతీరమున యముడు

శ్రోత ఈ ఘట్టమును ఎట్లు గ్రహించునో తెలియుటకు అతడు నివసించు భూమిని కూడ చూడవలసియున్నది. ఉత్తర తెలంగాణమున యముడు చిత్రములలో మాత్రమే కనబడు దేవత కాడు, ఆలయములలో పూజలందుచున్నవాడు.

పూర్వపు కరీంనగరు జిల్లాలోని ధర్మపురి, నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున నున్న నరసింహక్షేత్రము. అచ్చట యమధర్మరాజునకు ప్రత్యేకముగా గుడి కలదు. పాపులను దండించి దండించి మనశ్శాంతి గోల్పోయిన యముడు ఇచ్చట గోదావరిలో స్నానము చేసి నరసింహుని సేవించి శాంతి పొందెనని స్థలగాథ. భక్తులు అచ్చటి గండదీపములో నూనె పోసి తమ గండములు తొలగవలెనని ప్రార్థింతురు. ధర్మపురికి వచ్చినవానికి యమపురి లేదని అచ్చటి నానుడి.

గోదావరియు ప్రాణహితయు కలియు కాళేశ్వరము పూర్వము కరీంనగరు జిల్లాలోనిదే. నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు చెందినది. అచ్చట ఒకే పానవట్టముమీద రెండు లింగములు కలవు. ఒకటి కాలుడు, అనగా యముడు. రెండవది ముక్తీశ్వరుడు, అనగా శివుడు. శివుడు అందరికిని ముక్తి నిచ్చుచుండగా తనకు పని లేకుండ పోయెనని యముడు మొరపెట్టుకొనెననియు, శివుడు తన సరసన అతనికి స్థానమిచ్చెననియు స్థలగాథ. భక్తులు ముందు కాలుని కొలిచి పిదప ముక్తీశ్వరుని కొలుతురు.

శాస్త్రగ్రంథములనుబట్టి చూచినచో మార్కండేయ ఘట్టమున యముడు ఓడినవాడు. కాళేశ్వరపు పానవట్టమునుబట్టి చూచినచో అతడు శివునికి తోడివాడు. ఈ రెండును విరుద్ధములని మనము తొందరపడి తీర్మానింపరాదు. యముడు లేనిచో లోకమున మరణము లేక భూభారము పెరుగునని, దేవతల ప్రార్థనచే శివుడు అతనికి మరల ప్రాణమిచ్చెనని మార్కండేయ గాథయే కొన్ని సంప్రదాయములలో చెప్పుచున్నది. గోదావరి తీరపు శ్రోతకు పటముమీది యముడు పరాయివాడు కాడు. తాను నూనె పోసిన దీపమునకు దైవము. అతడు ఒక్కమారు తప్పిన గురిలోనుండియే తన కులము పుట్టినదను ఎఱుక ఆ శ్రోతకు భయమును కృతజ్ఞతను ఒకేసారి కలిగింపగలదు. ఇట్టి భావమును ఏ చిత్రశాల పరిచయపత్రమును పట్టి చూపజాలదు.

రెండు ఆక్షేపములు

మేము చెప్పినదానికి రెండు ఆక్షేపములు రావచ్చును. మొదటిది: ఒక్క ఘట్టమును విడిగా చిత్రించుట మనకు లేనిదా? ఉన్నది. క్రీడాభిరామమున ఓరుగంటి మాచల్దేవి చిత్రశాల వర్ణన ప్రసిద్ధము. అచ్చటివి విడివిడి పురాణఘట్టములు, చూచినంతనే గుర్తింపదగినవి. ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల చిత్రములును అట్టివే. నిర్మల నకాశీలు పొణికి కఱ్ఱతో బొమ్మలు చేసి, బంగారువన్నె పూతతో పలకలపై రామాయణ భారతఘట్టములను విడిగా చిత్రించుచున్నారు. కాని వీని వెనుక వాల్మీకి, వ్యాసుడు, తెలుగు కవులు అందరును గ్రంథరూపమున నిలిచియున్నారు. ఈ విషయమున నిర్మల పలక టెంపెస్టా కాగితమునకు చుట్టము. కూనపులివారి పటమునకు కాదు. ఒకే వృత్తివారి చేతినుండి ఈ రెండు విధములును వెలువడుట మా వాదమును బలపరచుచున్నదే గాని ఖండించుట లేదు. భేదము చేతిలో లేదు; కథ నివసించుచోట నున్నది.

రెండవ ఆక్షేపము: టెంపెస్టా చిత్రములును 150 వరుసగా నున్నవి కదా? నిజమే. అయినను అవి సంఖ్యలచే కూర్పబడిన వరుస. పటము కుట్టులేని ఒకే బట్టవలె సాగు వరుస. సంఖ్య గల కాగితమును తీసివేసి మరల చేర్చవచ్చును. పటమునుండి ఒక గడిని కోసినచో మిగిలినది కూడ పటము కాకపోవును.

నేటి స్థితి – మన కర్తవ్యము

సరిగా ఈ కోతయే నేడు జరుగుచున్నది. నకాశీ చిత్రములకు నగరములలో ఆదరణ పెరిగినది. అది సంతోషింపదగిన విషయమే. కాని కొనువారు కోరునవి గోడకు తగిలించుటకు వీలైన చిన్నపలకలు. అరువది అడుగుల పటమును గోడకు తగిలింపలేము గదా. కావున నకాశీలు విడి ఘట్టములను, పల్లెదృశ్యములను చిత్రించుచున్నారు. వారి కుటుంబములు బ్రతుకవలెను. వారిని తప్పుపట్టు హక్కు మనకు లేదు. మరొకవైపు కూనపులివారి దాతలగు నేతగాండ్ర పరిస్థితియు మారినది. చేమగ్గము తగ్గి సిరిసిల్ల మరమగ్గముల పట్టణమాయెను. పద్మశాలీ కుటుంబములు పెక్కు షోలాపురమునకు, భివండికి, బొంబాయికి వలసపోయినవి. దాత లేని మిరాసీకి విలువ లేదు. కథకుని కుమారుడు వేరొక పని చూచుకొనుట సహజము.

ఇంకొక విషయము కలదు. పాతబడి చినిగిన పటమును కథకులు పారవేయరు. దేవతామూర్తికి చేయునట్లు పూజలు చేసి నదిలో విడుతురు. క్రొత్తపటమున నకాశీ చివరకు కన్నులు దిద్దినప్పుడే దానికి ప్రాణము వచ్చినదని వారి నమ్మకము. ప్రాణమున్నదానికి అంత్యక్రియ జరుగవలెను గదా. ఈ ఆచారము నిర్లక్ష్యము కాదు, గౌరవము. పూర్వము దీనివలన నష్టము లేకుండెను. ఏలయన పాతపటము నదిలో కలియునాటికి క్రొత్తపటము కథకుని భుజముపై నుండెను. క్రొత్తపటము వ్రాయించువాడు లేనినాడు నదిలో కలియునది బట్ట మాత్రమే కాదు.

రాగిరేకు ఒకటి అరిగినను వందల కాగితములు మిగులును. అవియు నశించినను ఓవిడ్ మిగులును. పటమునకు రెండవ ప్రతి లేదు; దాని ఓవిడ్ కథకుని నోటిలో నున్నాడు. హైదరాబాదులోని జగదీశ్ – కమలా మిత్తల్ చిత్రశాలయందు తెలంగాణ పటములు భద్రపరుపబడియున్నవి. ఇవి రంగులను కాపాడగలవు. మాటను కాపాడవలసినవారు మనము. అనగా తెలుగు శాఖలవారు.

ఈ పనికి మార్గదర్శకులు లేకపోలేదు. ఆదిలాబాదు రాజగోండుల పురాణములను వారి ప్రధానులు కింగ్రీ వాయించుచు చెప్పుచుండగా సేకరించి, హైమెన్‌డార్ఫ్ 1948లో గ్రంథముగా ప్రకటించెను. ప్రధానులకును గోండులకును గల సంబంధము కూనపులివారికిని పద్మశాలీలకును గల సంబంధమువంటిదే. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములను విశ్వవిద్యాలయ పరిశోధనకు పాత్రములుగా నిలిపి మనకు త్రోవ చూపిరి. ఆ త్రోవలో పటకథకు మరికొంత ప్రత్యేకమైన జాగ్రత్త అవసరము.

పరిశోధక విద్యార్థులకు మా సూచనలు కొన్ని. పటమును చిత్రకళగా ఒకరు, కథను జానపదసాహిత్యముగా మరొకరు విడదీసి పరిశీలించుట మానవలెను. ప్రతి గడికి సంఖ్య వేసి, ఆ గడిని చూపుచు కథకుడు పలికిన మాటను ఆ సంఖ్యక్రిందనే వ్రాసికొనవలెను. ఏ గడివద్ద అతడు పాడెనో, ఏ గడివద్ద వచనము చెప్పెనో, ఏ గడిని మాటలేక దాటెనో గుర్తింపవలెను. చిత్రమున లేనిది చెప్పినచోటును, చిత్రమున నున్నది చెప్పనిచోటును ముఖ్యములు. కథకుని మాండలికమును గ్రాంథికముగా దిద్దరాదు. ఈ వ్యాసము గ్రాంథికమున నున్నంతమాత్రమున కూనపులివారి పలుకు అట్లుండవలెనని లేదు. మిరాసీ గ్రామముల పేర్లు, దాతల గోత్రములు, పటము వ్రాసిన నకాశీ కుటుంబము నమోదు చేయవలెను. నదికి పోవు పటమును ఆపరాదు. అది వారి ధర్మము. వారి అనుమతితో దానిని ఆద్యంతము ఛాయాచిత్రములుగా తీసి, దాని కథను ఆ పటము ముందరనే తుదిసారిగా చెప్పించుకొని వ్రాసికొనవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మార్కండేయుని కథను పాఠముగా చెప్పునప్పుడు గ్రంథములలోని కథతో ఆగక, మీ తరగతిలోని పద్మశాలీ విద్యార్థిని తన యింటిలో ఆ కథ తరువాత ఏమగునో అడుగుడు. ఆ విద్యార్థి తాత కథ విన్నవాడై యుండవచ్చును. తాతకు గుర్తున్న నాలుగు మాటలనుండి ఒక మిరాసీ గ్రామము, దానినుండి ఒక కథకుని ఇల్లు, దానినుండి అటకమీద చుట్టి పెట్టిన ఒక పటము బయటపడవచ్చును. యముడు పాశము విసరిన ఘట్టమున బాలుడు లింగమును విడువలేదు. విడువనందుననే తరువాతి కథ నడచినది. పటమును పలుకును విడువక పట్టుకొనుట ఇప్పుడు మన వంతు.